చాప మీద పేరు అడక్కూడదు

మా ఊళ్ళో కార్తీకమాసం చివర వీరుల పూజ జరిగేది. ఎనిమిది వందల ఏళ్ళ కిందట అన్నదమ్ములు రెండు జట్లుగా చీలి కొట్టుకు చచ్చిన నేల మాది. అలా చచ్చినవాళ్ళకి మేం గుడి కట్టుకున్నాం. ఏడాదికోసారి కత్తులకి పసుపు రాసి, వాళ్ళని తలుచుకుని కళ్ళు తుడుచుకునేవాళ్ళం. మిగతా ఏడాదంతా మేం కూడా రెండు జట్లుగా చీలి కొట్టుకునేవాళ్ళం. ఇందులో తేడా ఏమైనా ఉందని ఎవరికీ తోచేది కాదు. ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా నాకూ తోచలేదు.

ఊరి పేరు చెప్పను. గురజాల నుంచి బస్సులో ముప్పావు గంట. నేను చెప్పేది ఎనభైల మధ్యలో సంగతి. అప్పుడున్న పెద్దలు చాలామంది పోయారు. ఉన్నవాళ్ళు ఇప్పుడు ఒకరింటికి ఒకరు పెళ్ళిళ్ళకి వెళ్తున్నారు.

పూజ అయ్యాక చాపకూడు ఉండేది. యుద్ధానికి పోయేముందు ఆ వీరులంతా కులం పట్టింపు లేకుండా ఒకే చాప మీద కూర్చుని తిన్నారట. ఆ రోజు మేమూ అలాగే తినాలని ఆచారం. గుడి ముందు ఈత చాపలు వరసగా పరిచేవాళ్ళు. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. దీనికి మా ఊళ్ళో ఒక కట్టుబాటు కూడా ఉండేది. చాప మీద కూర్చున్నవాణ్ణి నీ పేరేంటి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడక్కూడదు. అడిగేదేదో వాడు తిని చెయ్యి కడుక్కున్నాక అడగాలి. పేరు అడిగితే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే చాప రెండు ముక్కలవుతుంది అని మా ముసలివాళ్ళు చెప్పేవాళ్ళు.

ముసలివాళ్ళ భయం భయంగానే ఉండగా చాప ఇంకో దారిన రెండు ముక్కలైంది. పంచాయతీ ఎన్నికల్లో ఊరు చీలింది. అక్కణ్ణుంచి గుడికి తూర్పున మా చాపలు, పడమర వాళ్ళ చాపలు. ఎవరి గుండిగలు వాళ్ళవి, ఎవరి పప్పుచారు వాళ్ళది. రెండు వైపులా కులం లేదు, వర్గం ఉంది. అసలైన చాపకూడు మాదంటే మాదని మైకుల్లో అరుచుకునేవాళ్ళం. బందోబస్తుకి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళు మాత్రం ఏ పక్షమూ పట్టకుండా అటూ ఇటూ తిని, బస్సులు ఆగే చోట వేపచెట్టు కింద కునుకు తీసేవాళ్ళు.

మా చాప దగ్గర వడ్డన మా నాన్నది. ఆయన మిలటరీలో పదిహేడేళ్ళు చేసి, ఒక యుద్ధం చూసి వచ్చినవాడు. ఊళ్ళో అందరికీ ఆయన 'మిలటరీ ఆయన'. నాలుగెకరాల మెరక, ఒక రేడియో, పొద్దున్నే గడ్డం గీసుకునే అలవాటు, ఇవీ ఆయన ఆస్తి. యుద్ధం కబుర్లు చెప్పమంటే చలి గురించి చెప్పేవాడు, టీ గురించి చెప్పేవాడు. ప్రతి ఏడూ చాపకూడు రోజున గరిటె పట్టుకుని అందరికీ కడుపునిండా పెట్టేవాడు. తను మాత్రం చాప మీద కూర్చునేవాడు కాదు. "వడ్డించేదానికి ఒకడుండొద్దా?" అనేవాడు. అందరివీ అయ్యాక ఇంటికి పోయి అమ్మ చేతి అన్నం తినేవాడు. "మిలటరీ ఆయనకి మోకాళ్ళు మడతపడవురా, బల్ల ఏసి కూర్చోబెట్టాల" అని జనం ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేనూ అది మోకాళ్ళ సంగతే అనుకున్నాను.

అన్నయ్యా నేనూ నాపరాళ్ళ క్వారీలో పనిచేసేవాళ్ళం. ఇళ్ళకి పరిచే నాపరాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందులో ఉలి పెట్టి సమ్మెటతో కొడితే బండ విడిపోతుంది. ఇద్దరు మనుషుల పని అది. అన్నయ్య ఉలి పట్టుకునేవాడు, నేను కొట్టేవాణ్ణి. మొదటిరోజు అన్నయ్య నాకు నేర్పింది ఒక్కటే మాట. "నా చెయ్యి చూడమాకరా. ఉలి తల చూడు. చెయ్యి చూశావా, నీకు భయమేస్తది, భయపడ్డావా, దెబ్బ చేతి మీదే పడుద్ది." ఆరేళ్ళు అలాగే కొట్టాను. ఒక్క దెబ్బా తప్పలేదు. అన్నయ్య చెయ్యి ఎలా ఉంటుందో నేను సరిగ్గా చూసింది, దాన్ని వాళ్ళు నలగ్గొట్టాకే.

ఆ ఏడు ఎండాకాలంలో జరిగింది అది. క్వారీ నుంచి ఒంటరిగా వస్తున్న అన్నయ్యని అవతలి వర్గంవాళ్ళు నలుగురు పట్టుకుని, కుడిచెయ్యి బండ మీద పెట్టి రాయితో కొట్టారు. గుంటూరు ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మిగిలినవి ముడుచుకుపోయాయి. ఆ చెయ్యి మళ్ళీ ఉలి పట్టలేదు. అన్నం కూడా ఎడమచేత్తో తినాల్సి వచ్చేసరికి అన్నయ్య నలుగురిలో తినడం మానేశాడు. దానికి రెండు నెలల ముందు మావాళ్ళు వాళ్ళ మిరపకల్లం తగలబెట్టారు. ఒక ఇంటి ఏడాది పంట అది. ఆ సంగతి మాలో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు చేసినవాణ్ణి మేం మనిషిగా చూసేవాళ్ళం కాదు కూడా.

అన్నయ్యని కొట్టిన నలుగురిలో ముఖ్యమైనవాడు ఎవరో తెలుసు. వాడు ఆ రోజే ఊరు విడిచి పోయాడు. వాడి ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నా భుజం దానంతట అది బిగుసుకునేది. వాడు దొరికితే ఏం చెయ్యాలో నాకు స్పష్టంగా తెలుసు. దొరక్కుండానే కార్తీకమాసం వచ్చింది.

చాపకూడు రోజు మధ్యాహ్నం మా చాపల మీద మూడో బంతి నడుస్తోంది. నాన్న మజ్జిగ పోస్తున్నాడు. నేను అన్నం పెడుతున్నాను. అప్పుడే మాచర్ల బస్సు దిగి ఒక మనిషి చేతిసంచితో వచ్చాడు. నా ఈడువాడే. ఎటు పోవాలో తెలియక జనాన్ని చూస్తూ నిలబడ్డాడు. "నిలబడ్డావేందయ్యా, కూర్చో, కూర్చో" అని మావాళ్ళే పిలిచి చాప మీద కూర్చోబెట్టారు. కొత్తచొక్కా, చేతికి కొత్త గడియారం. నేనే విస్తరి వేసి అన్నం పెట్టాను. గోంగూర పచ్చడి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. కట్టుబాటు ప్రకారం ఎవరూ పేరు అడగలేదు.

తిన్నాడు. గోలెం దగ్గరికి పోయి చెయ్యి కడుక్కున్నాడు. తుండుగుడ్డ నేనే అందించాను. అప్పుడు మా వర్గం పెద్ద ఒకాయన నోరారా అడిగాడు.

"ఎవురింటికయ్యా?"

"గీ ఊరికి అల్లుణ్ణి పెదనాయినా. మొన్న వైశాఖంలనే మా ఊర్ల పెండ్లయింది. గీడికి రావుడు గిదే మొదలు. నా భార్య ముందుగాలనే వచ్చింది" అన్నాడు. మాట కృష్ణ అవతలి మాట, నల్గొండ వైపుది. అత్తగారి ఇల్లు ఎవరిదో చెప్పాడు.

అన్నయ్య చెయ్యి నలగ్గొట్టినవాడి ఇల్లు అది. ఇతను వాడి చెల్లెలి మొగుడు.

పాపం ఆ మనిషి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. దారి చెబుతామని చూస్తున్నాడు. మావాళ్ళు నలుగురు లేచారు. గుడి వెనక ప్రహరీ కోసం తెప్పించిన నాపరాళ్ళ దొంతరలున్నాయి. అక్కడికి నడిపించుకుపోయారు. ముందు భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళారు, మలుపు తిరిగాక రెక్కలు విరిచి పట్టుకున్నారు.

ఆ తర్వాత జరిగింది నేను చాలాసార్లు నెమరు వేసుకున్నాను. కోపం వస్తే మనిషి పశువైపోతాడని అంటారు. ఆ మాట అబద్ధం, పశువుల మీద చాడీ. అక్కడ ఎవరికీ ఒళ్ళు తెలియని కోపం లేదు. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేశారు. ఒకడు పోయి చదునైన బండ ఏరుకొచ్చాడు. ఒకడు అది ఊగకుండా కింద గోనెపట్టా మడిచి వేశాడు. పనితనం అంటే పనితనమే. ఇంకొకడు ఆ అల్లుడి కొత్త గడియారం పగిలిపోతుందని విప్పి జాగ్రత్తగా అతని చొక్కా జేబులోనే పెట్టాడు. నవ్వుతాలు కూడా ఆడారు. "మన చాప మీద తిని మన వాసాలు లెక్కబెట్టేదానికి వచ్చాడ్రా అల్లుడుగారు" అన్నాడొకడు. నేనూ నవ్వాను. అన్నయ్య అక్కడికి ఎప్పుడు వచ్చాడో తెలియదు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని, ఎడమచేత్తో సమ్మెట ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు పెట్టాడు.

సందేహం వచ్చింది ఒక్క ముసలాయనకే. "ఒరేయ్, చాప మీద తిన్నాడురా" అన్నాడు.

"చెయ్యి కడిగాడు గదా" అన్నాడు మా పెద్ద. "చెయ్యి కడిగేదాకానే చాప. కడిగినాక చాపేంది, గీపేంది? అందుకే గదా కడిగినాక పేరడగమనేది."

"కొట్టినోడు ఈడు గాదు గదరా."

"అల్లుడైతే మాత్రం? ఆ ఇంటి ఉప్పు తినేటోడే."

మన ఉప్పు తిని అయిదు నిమిషాలు కాలేదని ఎవరూ అనలేదు. పెద్ద చెప్పిన న్యాయం మాకు చక్కగా అతికింది. ఆచారం తప్పడం లేదు, పని జరుగుతుంది. అంతకన్నా ఏం కావాలి? ముసలాయన తల గీరుకుని పక్కకి జరిగాడు.

చెయ్యి బండ మీద పెట్టారు. ఇద్దరు మోచెయ్యి నొక్కి పట్టారు. ఆ మనిషికి అప్పుడు అర్థమైంది. నా వైపే చూసి అన్నాడు.

"అన్నా, నేనేం జేసిన? బువ్వ నువ్వే పెడితివి గదనే."

నేను సమ్మెట ఎత్తాను. ఇది దాచను. అందరూ నన్నే చూస్తున్నారు. అన్నయ్య చూస్తున్నాడు. దించితే పిరికివాడినంటారన్న భయం ఒకటి, ఎత్తాక ఆపడం తెలియని భుజం ఒకటి. ఆ రెండూ తీసేస్తే ఆ క్షణాన నాలో పగ ఎంత ఉందో ఇప్పటికీ తేల్చలేను. క్వారీ అలవాటు కొద్దీ చెయ్యి చూడకుండా ఉలి తల కోసం వెతికాను. అక్కడ ఉలి లేదు. చెయ్యే ఉంది.

సమ్మెట భుజం దాటిందో లేదో, వెనక నుంచి ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. నాన్న. ఇంకో చేతిలో మజ్జిగ బకెట్టు అలాగే ఉంది. బకెట్టు కింద పెట్టాడు, నా మణికట్టు మాత్రం వదల్లేదు.

"మిలటరీ ఆయనా, నువ్వు తప్పుకో" అన్నాడు మా పెద్ద. "నీ కొడుకు చెయ్యే గదా పోయింది."

"తప్పుకుంటా. నాది ఒక మాట ఉంది. ఇని, ఆనక మీ ఇష్టం" అన్నాడు నాన్న. ఆయన మాట్లాడింది నేను ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, చాలా తక్కువ మాట్లాడాడు.

"నేను యుద్ధంలో ఉండగా ఒకరోజు పొద్దున నా పక్కోడు పోయాడు. ఎడ్లపాడు వైపు వాడు. నాలుగేళ్ళు ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో పెట్టుకున్నాం. మధ్యాన్నం అవతలోళ్ళ సిపాయి ఒకడు చేతులెత్తుకుని వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయో లేవో. ఆకలని సైగ చేశాడు. నా రొట్టెల్లో రెండు తీసి నేనే ఇచ్చాను. తిన్నాడు. ఆ తర్వాత నా పక్కోడి బట్టలు ఇంటికి పంపేదానికి మడత పెట్టమన్నారు. పెట్టాను. పెట్టి లేచొచ్చాను."

బకెట్టు కాలితో కాస్త పక్కకి జరిపి మళ్ళీ అందుకున్నాడు.

"చేతులెత్తినోణ్ణి ఏం చెయ్యకూడదని మాకు నేర్పారు. పుస్తకంలో పేరెక్కిన ఖైదీకి ఏమన్నా అయితే జవాబు చెప్పుకోవాల. మాలో ఒకడన్నాడు, ఈడి పేరు ఇంకా పుస్తకంలో ఎక్కలేదు గదా అని. అంతే. ఆ మాట కోసమే కాసుకుని ఉన్నట్టు అయింది నాకు. కాల్చలా. తుపాకీ మడమతో కొట్టాను. చచ్చిందాకా కొట్టాను. మూతికి రొట్టె పొడి అంటుకుని ఉంది వాడికి. అది ఒక్కటీ కళ్ళ ముందు నుంచి పోదు."

"ఇందాక మీరు చెయ్యి కడిగేదాకానే చాప అంటా ఉంటే నాకు ఆ పుస్తకమే గుర్తొచ్చింది" అన్నాడు మా పెద్దని చూసి. "చెయ్యాలని ఉన్నోడికి సందు దొరక్కపోదు. నా పక్కోడి కోసం కొట్టాననుకున్నా. వాడేం లేచి రాలా. నేను చంపినోడి పేరేందో కూడా నాకు తెలవదు. అడగలా."

అప్పుడు నా మణికట్టు వదిలేశాడు. "ఇంక నీ ఇష్టం. కొడితే కొట్టు. ముందు ఆయన పేరడిగి కొట్టు. చెయ్యి కడిగినాక అడగొచ్చు గదా."

ఆయన ఎగతాళిగా అన్న మాట కాదు. బకెట్టు తీసుకుని వెళ్ళనూ లేదు. పక్కనే నిలబడ్డాడు.

నేను అడగాలని అడగలేదు. సమ్మెట గాల్లో ఎంతసేపు పట్టుకుని నిలబడతాను? ఏదో ఒకటి చెయ్యాలి. నోట్లోంచి వచ్చేసింది. "నీ పేరేంది?"

చెప్పాడు. ఇక్కడ రాయను. బళ్ళో రాయించిన పేరు చెప్పి, అది చాలదేమోనని ఇంట్లో వాళ్ళమ్మ పిలిచే పేరు కూడా చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు. అప్పుడు నేను చెయ్యి చూశాను. బొటనవేలి మొదట్లో కాయ కట్టి ఉంది. చూపుడువేలి గోరు ఎప్పుడో చితికి వంకరగా మొలిచింది. ఉలి పట్టేవాడి చెయ్యి అది. కృష్ణ అవతల కూడా నాపరాయి ఉంది, అక్కడా తమ్ముళ్ళు కొడితే అన్నలు ఉలి పట్టుకుంటారు. ఈ సంగతి నాకు అంతకుముందు తెలియదని కాదు. అక్కర్లేకపోయింది.

సమ్మెట దించాను. మెల్లగా దించలేదు, చేతుల్లోంచి జారిపోయింది. నా కాలి దగ్గరే పడి బండ అంచు పెచ్చు లేచింది. మోచెయ్యి నొక్కి పట్టుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వదిలేశారు. జేబులో గడియారం పెట్టినవాడే దాన్ని తీసి మళ్ళీ అతని చేతికి పెట్టబోయాడు. అతను చెయ్యి ఇవ్వలేదు. నాన్న ఆ మనిషిని ముందు పెట్టుకుని, గుడి చుట్టూ తిప్పి, పడమటి చాపల దాకా దింపి వచ్చాడు.

కథ అక్కడితో సుఖంగా తేలిందనుకోవద్దు. అవతలి వర్గంవాళ్ళు మమ్మల్ని మెచ్చుకోలేదు. చేతగాక వదిలేశామని ఊరంతా చెప్పారు. మా పెద్ద ఆ తర్వాత నాతో ముభావంగా ఉండేవాడు. అన్నయ్య ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నాన్నతో ఒక్కటే మాట అన్నాడు. "ఎవుడో ఊరూ పేరూ లేనోడి కోసం చెప్పావు ఆ సంగతి. నా చెయ్యి పోయినరోజు చెప్పలా." ఆరు నెలలు వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, "మీ నాయన్ని అడుగు", "మీ అన్నకి చెప్పు" అంటూ మా ద్వారా నడిపించారు. నేను అన్నయ్యని తప్పు పట్టలేను. దెబ్బ తిన్నవాడు న్యాయం అడిగితే మేం అతనికి ధర్మం చెప్పాం. ఆ లోటు ఎవరు పూడ్చాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఊరు కూడా బాగుపడలేదు. ఆ తర్వాత రెండేళ్ళలో ఇంకో రెండు గొడవలయ్యాయి, తలలు పగిలాయి. కాకపోతే బండ మీద చెయ్యి పెట్టి కొట్టడం మాత్రం ఇటునుంచి గానీ అటునుంచి గానీ మళ్ళీ జరగలేదు. ఎందుకు జరగలేదో ఎవరూ బయటికి చెప్పలేదు.

నా లోపల మాత్రం ఒక లెక్క స్థిరపడింది. నేను నాన్న కన్నా మంచివాణ్ణేమీ కాదు, నా అదృష్టం కొద్దీ నాకు ఆపేవాడు దొరికాడు, ఆయనకి ఆ రోజు దొరకలేదు, అంతే. మనుషులు క్రూరులు కారు, ఆపేవాడు లేనిచోట అలా అవుతారు, అంతే. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. నాన్న మీద జాలి, నా మీద నాకు కొంచెం గౌరవం, రెండూ మిగిలాయి ఇందులో. ఏడాదిపాటు దాన్ని మోసుకు తిరిగాను, ఆయనతో చెప్పే సందు కోసం.

మళ్ళీ కార్తీకం వచ్చింది. మళ్ళీ రెండు చాపలు. నాన్న గరిటె పట్టుకున్నాడు. ఇప్పుడు ఆయన ఎందుకు కూర్చోడో నాకూ తెలుసు, ఊరికీ తెలుసు. మోకాళ్ళ మీద జోకులు ఆగిపోయాయి. ఆఖరి బంతి లేచాక వడ్డించినవాళ్ళం మిగిలాం. చాప మీద రెండు విస్తళ్ళు వేసి, "ఇయ్యాళ నువ్వు కూర్చో, నేను పెడతా" అన్నాను.

"నువ్వు కూర్చో" అన్నాడు. "నువ్వు ఆగావు. నీకు చాప ఉంది."

ఏడాదిగా దాచుకున్న మాట బయటపెట్టాను. "నేనేం ఆగలా నాన్నా. నువ్వు ఆపబట్టి ఆగాను. ఆ రోజు నిన్ను ఎవురన్నా చెయ్యి పట్టుకుని ఆపుంటే నువ్వూ ఆగేవాడివి. నీ తప్పేముంది?"

ఆయన గరిటె గుండిగ అంచుకి తగిలించాడు. నా వైపు చూడలేదు. దూరంగా అవతలి చాపల మీద వాళ్ళు ఇంకా తింటున్నారు.

"ఆపాడురా" అన్నాడు. "మా వంటాయన. పెద్దాయన. రొట్టెలు కాలుస్తా కాలుస్తా లేచొచ్చి నేను నిన్ను పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. పిండి చేతుల్తో. మన రొట్టె తిన్నాడు, వదిలెయ్యి అన్నాడు. ఆయన్ని తోసేశాను. కిందపడ్డాడు. ఆయన చూస్తా ఉండగానే కొట్టాను."

నాన్న మళ్ళీ గరిటె అందుకున్నాడు.

"ఆనక రెండేళ్ళు అదే పటాలంలో ఉన్నాం. ఒక్క మాట అనలా ఆయన. రోజూ వరసలో నిలబడితే అందరితో పాటే నాకూ రెండు రొట్టెలు ఏసేవాడు."

విస్తరి వైపు చెయ్యి చూపించాడు. నేను కూర్చున్నాను. నాన్న అన్నం పెట్టాడు, పప్పుచారు పోశాడు, చాలంటే ఆపకుండా ఇంకో గరిటె వేశాడు.